చల్లారకముందే తీసిన హౌసింగ్

పదకొండేళ్లుగా నేను ఒక మనిషి నడక వింటూ బతుకుతున్నాను. అతని ఎడమ కాలు కుడి కాలికంటే కాస్త ఆలస్యంగా నేలను తాకుతుంది. దానికి కారణం నేను. ఈ మాట చాలాకాలం ఎవరికీ చెప్పలేదు, నా భార్యకి కూడా. ఈ మధ్యనే ఇద్దరికి చెప్పాను. ఇద్దరికీ చెప్పాల్సినదానికంటే ఎన్నో ఏళ్లు ఆలస్యంగా చెప్పాను. మీరు మూడోవారు. మీరెవరో నాకు తెలియదు. చదివాక మీ మొహం ఎలా మారుతుందో నేను చూడక్కర్లేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నాది చెన్నై, చింతాద్రిపేట. మా పెద్దవాళ్లు నేతపని మీద ఇక్కడికి వచ్చారట. మగ్గం ఎప్పుడో పోయింది, ఇంట్లో తెలుగు మిగిలింది. నేను తెలుగు బడిలో చదువుకున్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. నా కూతురికి తెలుగు చదవడం రాదు. రాస్తూంటే ఆ సంగతి గుర్తొచ్చి కొంచెం ఊరటగా అనిపించింది. ఒప్పుకుంటూ కూడా ఒక మూల దాక్కుంటున్నానా? కావచ్చు. అది కూడా ఇందులో రాసేస్తున్నాను.

నేను వెల్డర్ని. ఇప్పుడు నేను నడుపుతున్న దుకాణం కోదండం అన్నది. ఆయన నాకు చుట్టం కాదు, మా వీధి మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. చెన్నై శివారు మనలిలో కాంట్రాక్టు మీద పైపులు అతికే పని పోయాక, ముప్ఫై దాటిన వయసులో ఆయన దగ్గరికి వెళ్లాను. పని బాగా వచ్చనే అనుకుంటూ వెళ్లాను. నేను వేసిన అతుకు ఒకటి ఎత్తి పట్టుకుని, "పైపు అతికేది వచ్చు నీకు. ఇంక ఇనుము అతికేది నేర్చుకో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం అది గుచ్చుకుని ఉండిపోయింది. ఎన్నాళ్లు? ఇప్పుడు ఆలోచిస్తే, ఆ తప్పు చేసిన రోజు దాకా.

సుధాకర్ గారు మా దుకాణానికి వచ్చిన తెలుగువాళ్లలో ఒకరు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ కంప్యూటరు ఉద్యోగంలో స్థిరపడ్డ మనిషి. నా వయసే. ఒక పాత జీపు కొనుక్కుని సెలవు రోజుల్లో కొండదారుల్లో, రాళ్లలో, వాగుల్లో నడిపే సరదా ఉండేది. అలాంటి సరదా ఉన్నవాళ్ల గుంపు ఒకటి ఉంది. అందరూ కోదండం అన్న దగ్గరికే వచ్చేవారు. సుధాకర్‌కి ఇంకో అలవాటు కూడా ఉండేది. రోజూ తెల్లారగానే మెరీనా ఇసుక పక్కన పరుగెత్తేవాడు. దుకాణానికి కూడా ఒక్కోసారి ఆ బూట్లతోనే వచ్చి, చెమట తుడుచుకుంటూ నిలబడేవాడు.

అతని జీపు ముందు ఇరుసుని బలపరచాలి. ఆ పని ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. నాలుగు చక్రాలూ లాగే బండికి ముందు చక్రాల మధ్య కూడా డిఫరెన్షియల్, అంటే చక్రాలకి బలం పంచే పళ్లచక్రాల గుత్తి, ఉంటుంది. దాన్ని దాచుకున్న ఇనుప బుర్రను మేము హౌసింగ్ అంటాం. నడుమ పోత ఇనుము, అటూ ఇటూ చక్రాల దాకా రెండు ఉక్కు గొట్టాలు. పెద్ద టైర్లు వేసి రాళ్ల మీద ఎక్కిస్తే బరువంతా ఆ గొట్టాలు బుర్రలోకి దిగేచోట పడుతుంది. అక్కడ వంగుతుంది, లేదా విడిపోతుంది. అందుకని పైన వంతెనలాగా దళసరి రేకు పట్టీలు పెట్టి, గొట్టాలనీ బుర్రనీ కలిపి అతుకుతాం.

ఉక్కుని అతకడం కష్టం కాదు. పోత ఇనుము వేరు. ముందుగా గ్యాసు మంటతో మెల్లగా అంతా వేడెక్కించాలి. నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళంగా అతకాలి. ప్రతి అంగుళం తర్వాత చిన్న సుత్తితో తట్టాలి. ఆ తర్వాతే అసలు పని. సగానికి కోసిన పీపాలో ఊక బూడిద ఉంటుంది. వేడి హౌసింగ్‌ని అందులో పూడ్చిపెట్టి, ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేయాలి. తొందరగా చల్లారితే పోత ఇనుము లోపల్లోపలే బిగుసుకుని పగులుతుంది. మర్నాడు మధ్యాహ్నం కోదండం అన్న బూడిదలోకి చెయ్యి దూర్చి, ఇనుము మీద అరచెయ్యి ఆనించి, మాట్లాడుతూ ఉండేవాడు. చెయ్యి తీయకుండా ఒక కాఫీ తాగడం పూర్తయితేనే దాన్ని బయటికి తీయనిచ్చేవాడు. తీశాక పంచ్ అనే మొన ఉన్న ఉక్కు కడ్డీతో ఒక మూల మూడు చుక్కలు కొట్టేవాడు. ఆ చుక్కలుంటే అది ఆయన చేత్తో చేసిన పని అని గుంపులో అందరికీ తెలుసు. కొండల్లో బండి ఆపి, కిందికి వంగి ఆ చుక్కలు ఒకరికొకరు చూపించుకునేవారట.

సుధాకర్ హౌసింగ్‌కి పట్టీలు కొలిచి, కోసి, అక్కడక్కడ చుక్క అతుకులు వేసి నిలబెట్టింది కోదండం అన్నే. అంతలో ఆయన బావమరిది మనవరాలికి చెవులు కుట్టే వేడుక వచ్చింది. గురువారం పొద్దున తిరుత్తణి వెళ్లి ఆదివారం వస్తానన్నాడు. ఆ శనివారమే గుంపంతా వేలూరు దాటాక ఉండే కొండలకి పోతోంది. "వచ్చే వారం పో సార్, కొండ ఆడనే ఉంటది" అని సుధాకర్‌తో అన్నాడు. సుధాకర్ సరేనన్నాడు.

కాబట్టి నన్నెవరూ తొందరపెట్టలేదు. దీన్ని నేను మళ్లీ మళ్లీ నాకు చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి నా మనసు ఈ కథని కాస్త కాస్త మార్చుకుంటూ వచ్చింది. సుధాకర్ అడిగాడేమో, ఆశపడ్డాడేమో, నేను అతని కోసమే చేశానేమో అని. కాదు. నేనే ఫోన్ చేశాను. "శనివారానికి బండి ఇచ్చేస్తాం" అన్నాను. ఎందుకు? గుంపులో ఒక్కరైనా కోదండం పేరు కాకుండా నా పేరు చెప్పాలని. అంతే. అంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎంతో వెతికాను. లేదు.

గురువారం మధ్యాహ్నానికి అతకడం అయిపోయింది. నిజం చెప్పాలంటే బాగా చేశాను. వేడి సరిగ్గా పెట్టాను, అంగుళం అంగుళం తట్టాను. దారం కట్టి చూస్తే గొట్టాలు తిన్నగానే ఉన్నాయి. బూడిదలో పెట్టాను. ఒక రోజు ఆగితే శుక్రవారం మధ్యాహ్నం అవుతుంది. లోపలి పళ్లచక్రాలు, ఇరుసులు, బ్రేకులు అన్నీ మళ్లీ బిగించడానికి ఒక రోజు పడుతుంది. లెక్క శనివారానికి అందదు. సాయంత్రం అయిదు గంటలకి బూడిద తవ్వాను. చెయ్యి ఆనించలేదు. ఆనించలేనని తెలుసు. గోనెసంచి చుట్టి ఎత్తి బయట సిమెంటు అరుగు మీద పెట్టాను. సన్నగా చినుకులు పడుతున్నాయి. గాలి చల్లగా ఉంది.

అప్పుడు ఒక శబ్దం వినిపించింది. గ్లాసుకి చెంచా తగిలినట్టు, ఒక్కసారి. అంతే.

అదేమిటో వెల్డరుకి చెప్పక్కర్లేదు. వినలేదని అనుకోవచ్చు. పక్క దుకాణంలో ఏదో పడిందని అనుకోవచ్చు. నేను వంగి వెతికాను. అతుకు పక్కన, పోత ఇనుము మీద, సగం వేలు పొడవున గీత. వెంట్రుకకంటే సన్నం. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. సరిచేయొచ్చు. మొత్తం కోసేసి, మళ్లీ వేడెక్కించి, మళ్లీ మొదలుపెట్టొచ్చు. అంటే శనివారం కుదరదని సుధాకర్‌కి ఫోన్ చేయాలి. అన్న చెప్పిందే సరి అని అందరిముందూ ఒప్పుకోవాలి. నేను గ్రైండరు తీసి ఆ గీతని పైపైన చెక్కాను. దాని మీద ఒక వరస అతుకు వేశాను. నల్ల రంగు కొట్టాను. రంగు ఆరాక చూస్తే ఎంత అందంగా ఉందో.

శుక్రవారం సాయంత్రం సుధాకర్ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఒక్కటే అడిగాడు, "అన్నే చేశాడుగా?" అని. అప్పుడైనా నా పేరు చెప్పుకోవచ్చు కదా, దానికోసమేగా ఇదంతా? చెప్పలేకపోయాను. ఆ గీత గుర్తొచ్చింది. "ఊరికి పోయేముందే చేసిపెట్టాడు" అన్నాను. అతను వంగి చుక్కల కోసం వెతికాడు. అవి అక్కడ ఉన్నాయి. ఆ గీతకి నా పేరు అంటకూడదని, మధ్యాహ్నమే అన్న పెట్టెలోంచి పంచ్ తీసి నేనే కొట్టాను.

శనివారం పదకొండింటికి ఒక రాతి ఎత్తు ఎక్కుతుండగా, సరిగ్గా ఆ గీత దగ్గర హౌసింగ్ విడిపోయింది. ముందు చక్రం లోపలికి ముడుచుకుంది. జీపు పక్కకి ఒరిగి పడింది. సుధాకర్ ఎడమ కాలు బయటికి జారి బండి కింద నలిగింది. మడమ దగ్గర ఎముకలు ఎన్ని ముక్కలయ్యాయో డాక్టర్లు చెప్పారట, నేను వినదలుచుకోలేదు. రెండు ఆపరేషన్లు. నడక వస్తుందన్నారు. పరుగు రాదన్నారు.

ఆదివారం అన్న ఊరినుంచి వచ్చాడు. హౌసింగ్ నేనే చేసిచ్చానని చెప్పాను. "బూడిదలో ఎంతసేపు ఉనింది?" అన్నాడు. "ఒక దినం" అన్నాను. నా మొహం కాసేపు చూసి, "సెరి" అన్నాడు. చుక్కల సంగతి చెప్పలేదు.

నాలుగు నెలల తర్వాత సుధాకర్ చేతికర్రతో మా దుకాణానికి వచ్చాడు. ఆటోలో విరిగిన హౌసింగ్ వేసుకొచ్చాడు. ఆటో డ్రైవరూ నేనూ కలిసి దించి నేల మీద పెట్టాం.

"అట్ట కూర్చోండి సార్" అన్నాడు అన్న.

"కూర్చుంటే లేపడానికి మనిషి కావాలన్నా. నిలబడే ఉంటా" అని నవ్వాడు సుధాకర్.

అన్న కళ్లజోడు పెట్టుకుని హౌసింగ్ పక్కన గొంతుక్కూర్చున్నాడు. అతుకు చేతిరాతలాంటిది. ఆయనది మల్లెపూలు దగ్గరగా కట్టినట్టు ఉంటుంది. నాది ఎప్పుడూ కుడివైపుకి ఒరుగుతుంది. బొటనవేలు నా అతుకు మీదుగా పోనిచ్చాడు. విరిగిన అంచుని వెలుతురుకి తిప్పి, లోపల పాత పగులు నల్లగా తుప్పు పట్టి ఉండటం చూశాడు. తర్వాత వేలు మూల దగ్గర ఆగింది. మూడు చుక్కల మీద. అక్కడ చాలాసేపు ఉండిపోయింది.

"ఇది మీ పనేనా అన్నా?" అని అడిగాడు సుధాకర్. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగినట్టుంది.

అన్న వెంటనే జవాబివ్వలేదు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆ నిశ్శబ్దం నా కోసమని అప్పుడు నాకు తెలియలేదు.

"నా పనే సార్."

"మరెందుకు విరిగింది?"

"బూడిదలోంచి ముందే తీసేసినా. చల్లారలా."

"మీరా? కొండ ఆడనే ఉంటది అని నాకు చెప్పింది మీరేగా."

"చెప్పేది సులువు సార్. వయసైపాయ, చెయ్యి మాట వినలా."

సుధాకర్ తన కర్ర వైపు చూసుకున్నాడు. "నాదీ ఉందిలే అన్నా. ఎక్కే ముందు దిగి రాయి చూడమని మావాళ్లు అరుస్తానే ఉన్నారు. నేను దిగలా. దిగుంటే అటు ఎక్కించేవాణ్ణే కాదు."

"సెరి" అని అన్న లేచి నా వైపు తిరిగాడు. "ఏం పా, నిలబడే ఉండావే. మూడు కాఫీ పట్టుకురా పో."

మూడు. నన్ను కూడా కలుపుకునే చెప్పాడు. నేను వీధి చివర దాకా వెళ్లి, కాఫీ కొట్టు పక్క గోడకి తల ఆనించి నిలబడ్డాను. లోపల ఇద్దరూ కలిసి నా తప్పుని పంచుకున్నారు. చెయ్యని మనిషి సగం, దెబ్బతిన్న మనిషి సగం. నా వాటా ఎవరూ అడగలేదు. తిరిగొచ్చి ముగ్గురం కాఫీ తాగాం. అది నా గొంతు దిగింది. ఎలా దిగిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా రాయాలి. గుంపులో మాట పాకింది. పెద్దాయన చెయ్యి పోయిందట, ఇప్పుడు బాగా చేసేది రెండోవాడట. వాళ్లు నా పేరు అడగడం మొదలుపెట్టారు. నేను కోరుకున్నది అక్షరాలా అదే. నాకు దొరికింది. కోదండం అన్న చుక్కలు కొట్టడం మానేశాడు. హౌసింగ్ పని వస్తే నా ముందుకి తోసేవాడు. కానీ నన్ను వదిలేయలేదు. ప్రతిసారీ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నా అతుకు ఒరిగితే, "నిలబెట్టురా, దానికేమన్నా నిద్రొస్తా ఉందా" అనేవాడు. బూడిద దగ్గర మాత్రం ఏమీ అనేవాడు కాదు. నేను చెయ్యి ఆనించే దాకా ఎదురుచూసేవాడు. ఆరేళ్లు అలా నేర్పాడు. ఆయన పేరు తీసేసిన మనిషికి తన పనంతా నేర్పాడు. ఈ రోజు నా చేతుల్లో ఉన్నదంతా ఆయనదే. ఆ తర్వాత నేను చేసినదేదీ కొండ మీద విరగలేదు. రోజూ పని మొదలుపెట్టేముందు ఆయనకి మనసులో దండం పెట్టుకుంటాను. సుధాకర్‌కి కూడా. అతను మళ్లీ జీపు బాగుచేయించుకున్నాడు, మళ్లీ మా దగ్గరికే వచ్చాడు, ఇప్పటికీ వస్తున్నాడు. ఇంత మంచి మనుషుల మధ్య పడి బతకడం అదృష్టం. మరి ఆ అదృష్టాన్ని నోరు మూసుకుని తినడాన్ని ఏమంటారు?

చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అన్నకి కంటిచూపు తగ్గి, వాషర్‌మెన్‌పేట్‌లో కూతురి ఇంటికి మారిపోయినప్పుడు అనుకున్నాను. దుకాణం తాళాలు నా చేతిలో పెట్టినప్పుడు అనుకున్నాను. ప్రతిసారీ ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం అని ఒక ప్రశ్న వేసుకునేవాణ్ణి. అది ప్రశ్న కాదు, తలుపు గడియ.

ఈమధ్య గుంపువాళ్లు నాకు సన్మానం చేస్తామన్నారు. కొండదారుల బళ్లకి ఇన్నేళ్లుగా నమ్మకమైన పని చేస్తున్నందుకట. శాలువా కప్పేది సుధాకర్ అని వాళ్లే నిర్ణయించారు. అతను నవ్వుతూ వచ్చి రంగు ఏది కావాలని అడిగాడు. ఆ రోజు నేను దుకాణం మూసేసి వాషర్‌మెన్‌పేట్ వెళ్లాను.

అన్న మంచం మీద కూర్చుని రేడియో వింటున్నాడు. దాన్ని ఆపి మొత్తం చెప్పాను. చినుకులు, శబ్దం, గ్రైండరు, పంచ్. అయ్యాక నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు.

"నాకెందుకురా చెప్తా ఉండావు? నాకు తెలీదా? ఇరిగింది నా కాలా?" అన్నాడు.

మరి ఆ రోజు తప్పు ఎందుకు మీద వేసుకున్నావన్నా అని అడిగాను.

"నువ్వు చెప్తావని చూసినా. చెప్పలా. ఒంటి కాలి మీద నిలబడుండే మనిషికి ఎవరో ఒకరు జవాబు చెప్పాల కదా." రేడియో మళ్లీ పెట్టి, "భోంచేసి పో" అన్నాడు. తిన్నాను. ఆయన కూతురు వడ్డించిన వంకాయ పులుసు కూడా నాకు గుర్తుంది. క్షమించానని మాత్రం ఆయన అనలేదు. ఆ అధికారం తనది కాదనుకున్నట్టుంది.

మర్నాడు పొద్దున సుధాకర్‌ని దుకాణానికి పిలిచాను. శాలువా వద్దన్నాను, ఎందుకో చెప్పాను. ఈసారి నేను నిలబడి, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టాను. చెబుతున్నంతసేపూ అతను నేల వైపే చూశాడు.

"ఆ శబ్దం విన్నావా?" అని అడిగాడు. ఎప్పుడూ నన్ను మీరు అనేవాడు.

"విన్నాను."

"విని ఇచ్చావ్."

"ఇచ్చాను."

మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను. నిజానికి తిడితే బాగుండునని ఆశపడ్డాను. అది కూడా నా సౌకర్యం కోసమే కదా. చివరికి లేచి, కోదండం అన్న ఇప్పుడు ఎక్కడుంటున్నాడని అడిగాడు. "పదకొండేళ్లు ఆయన్ని తప్పుగా అనుకున్నా. ముందు ఆ సంగతి చూడాలి" అన్నాడు. చిరునామా కాగితం మీద రాసిచ్చాను. తీసుకుని వెళ్లిపోయాడు. నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. తర్వాత ఫోన్ చేయలేదు. ఇక దుకాణానికి రాకపోవచ్చు. రాకపోతే అడిగే హక్కు నాకు లేదు.

నిన్న అన్న కూతురు ఫోన్ చేసింది. ఎవరో గుంటూరు ఆయన వచ్చాడని, నాన్న పక్కన కూర్చుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మాట్లాడాడని చెప్పింది. గుంపులో అందరికీ ఫోన్లు చేసి, కోదండం అన్న చెయ్యి ఎప్పుడూ తప్పలేదని ఒక్కొక్కరికే చెప్పాడట. నాన్న పక్కనుండి, "సెరి సార్, సాలు సార్" అంటూనే అన్నీ విన్నాడట. నా పేరు వచ్చిందా అని అడగబోయి మానుకున్నాను. వచ్చే ఉంటుంది. రావాలి.

ఫోన్ పెట్టేశాక దుకాణంలో ఒక్కణ్ణే కూర్చున్నాను. హౌసింగ్ అతికింది నేను. ముందే తీసింది నేను. పగులు చూసి రంగు కొట్టింది నేను. పైకే అన్నాను ఈ మూడు మాటలూ, ఎవరూ వినకపోయినా. ఆ జీపు ఒరిగిన నాటినుంచి మధ్యాహ్నం భోజనం నాకు ఒక పని, గడియారం చూసి ముగించే పని. నిన్న మాత్రం నాకు ఆకలి వేసింది.